మీ ఫ్రెండ్ గేమ్ రిలీజైందా? కంగ్రాట్స్ చెప్పి ఊరుకోకండి

[తెర మీద: గేమ్ పుస్తకం కవర్. పక్కన రెండు పాచికలు దొర్లి ఆగుతాయి.]

నా ఫ్రెండ్ ఒకమ్మాయి ఈ వారం తన మొదటి టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ రిలీజ్ చేసింది. వెనక కంపెనీ ఏదీ లేదు. రూల్స్ తనే రాసింది, లేఅవుట్ తనే చేసుకుంది, బొమ్మలు వేసిన ఆర్టిస్టుకు తన జేబులోంచే డబ్బులిచ్చింది. కంగ్రాట్స్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. కానీ పొగిడినవాళ్లలో ఆడినవాళ్లెవరు అని చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ వీడియో మిగతావాళ్ల కోసం.

ఈ రకం గేమ్స్ గురించి తెలియనివాళ్లకు ముందు రెండు ముక్కలు.

[తెర మీద: టేబుల్ చుట్టూ నలుగురు. కాగితాలు, పెన్సిళ్లు. బోర్డు ఉండదు.]

నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఒకరు మాత్రం గేమ్ మాస్టర్. చుట్టూ ఏముందో వర్ణించేది, కాపలావాడి నుంచి రాజు దాకా మిగతా అందరి తరఫునా మాట్లాడేది ఆ ఒక్కరే. "కోట తలుపు మూసి ఉంది. లోపల ఎవరో ఏడుస్తున్నారు. ఏం చేస్తారు?" అని మాస్టర్ అడుగుతారు. తలుపు తడతానంటారు ఒకరు, గోడెక్కుతానంటారు ఇంకొకరు. తలుపు తట్టడానికి పాచికలు అక్కర్లేదు. గోడెక్కడం కుదురుతుందో లేదో తెలియదు కాబట్టి అక్కడ వేస్తారు. మామూలుగా గెలిచేవాళ్లు, ఓడేవాళ్లు అంటూ ఉండరు. కథ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు, మాస్టర్‌కి కూడా.

[తెర మీద: 1974]

అమ్మకానికి వచ్చిన ఇలాంటి గేమ్స్‌లో మొదటిది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో వచ్చింది. రాసినవాళ్లు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు, మొదటి విడత 1000 కాపీలు. గైగాక్స్ ఒక స్నేహితుడితో కలిసి చిన్న సంస్థ పెట్టుకుని మరీ దాన్ని అచ్చు వేయించాడు. ఇవాళ అంత పెద్ద బ్రాండ్‌గా కనిపించే ఆట పుట్టింది ఇలా. ఇండీ గేమ్, అంటే పెద్ద కంపెనీ అండ లేకుండా సొంతంగా తెచ్చిన గేమ్ అనగానే పెదవి విరిచేవాళ్లకు నేను ఈ కథే చెబుతుంటాను.

సరే, మా ఫ్రెండ్ గేమ్ సంగతికొద్దాం. యుద్ధం అప్పుడే ముగిసిన ఒక రాజ్యం. ఊరూరా తిరిగి నాటకాలాడే బృందం మీరు. ప్రతి పాత్రకూ యుద్ధకాలం నాటి రహస్యం ఒకటి ఉంటుంది. కత్తియుద్ధాలు దాదాపు లేవు. ఏ నాటకం ఆడాలి, ఎవరి ముందు ఆడాలి, ఏ డైలాగ్ మింగేయాలి... టెన్షన్ అంతా అక్కడే.

[తెర మీద: 36 గడుల పట్టిక. మూడు రంగులు.]

పాచికలు ఎలా పనిచేస్తాయో కాస్త నింపాదిగా చూద్దాం, నాకు బాగా నచ్చింది ఇదే. ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కలపాలి. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అనుకున్నది అనుకున్నట్టు అవుతుంది. 6 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే పని చెడుతుంది. 7, 8, 9 వస్తే పని అవుతుంది గానీ, దాంతోపాటు ఓ చిక్కు వచ్చిపడుతుంది. ఇది తను కనిపెట్టిన పద్ధతి కాదు. విన్సెంట్ బేకర్, మెగ్వే బేకర్ 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే గేమ్‌తో బాగా పాకింది, ఆ తర్వాత ఎన్నో ఇండీ గేమ్స్ దాన్ని వాడుకున్నాయి.

రెండు పాచికలు పడే తీరులు 36. అందులో పూర్తి విజయం 6, చిక్కుతో విజయం 15, వైఫల్యం 15. ఇప్పుడు పాత్రకున్న నైపుణ్యం లెక్కన, పాచికల మొత్తానికి 1 కలపండి.

[తెర మీద: రంగులు జరుగుతాయి. 10, 16, 10.]

పూర్తి విజయం 10కి పెరిగింది, వైఫల్యం 10కి తగ్గింది. మధ్య భాగం చూడండి, తగ్గకపోగా ఒకటి పెరిగింది. మీ పాత్ర కాస్త ఆరితేరినా చిక్కులు మాత్రం వదలవన్నమాట. నాటకం సగంలో సేనాపతి లేచి "ఇది మా రాజుగారి మీద వెటకారమా?" అని గద్దించాడనుకోండి. 8 పడింది. మీ మాట నమ్ముతాడు. నమ్మి, అంత బాగుంటే రేపు రాజుగారి ముందు ఆడమంటాడు. మీరేమో రాత్రికి రాత్రి ఊరు దాటుదామనుకుంటున్నారు!

[తెర మీద: కొట్టివేతలతో నిండిన చిత్తుప్రతి.]

రూల్స్ రాయడం ఒక ఎత్తు, అవి వేరేవాళ్లకు అర్థమయ్యేలా రాయడం ఇంకో ఎత్తు. డిజైనర్ పక్కనే కూర్చుంటే ఏ గేమైనా సాఫీగా నడుస్తుంది. పుస్తకంలో లేనిది నోటితో చెప్పేస్తారు కదా. అందుకే బ్లైండ్ ప్లేటెస్ట్ అని ఒకటుంది. పుస్తకం ఇచ్చేసి డిజైనర్ పక్కకు తప్పుకోవాలి. మా ఫ్రెండ్ అలా ఇచ్చినప్పుడు ఒక బృందం మొదటి గంటలోనే ఆగిపోయింది. ఒకరి రహస్యం ఇంకొకరికి తెలిసిపోతే ఏమవుతుంది? సమాధానం తనకు తెలుసు, పుస్తకంలో లేదు. ఆ ఒక్క ప్రశ్నతో ఒక అధ్యాయం మొత్తం తిరగరాసింది.

రిలీజ్ అంటే ఈ పరీక్ష రోజూ జరగడమే. నవల ఒక్కరు చదివితే చాలు, పని పూర్తయినట్టే. ఈ పుస్తకం చదివితే సగమే అయినట్టు. నలుగురు కూర్చుని ఆడితేనే గేమ్ అవుతుంది. కాబట్టి ఇండీ డిజైనర్‌కు మీరిచ్చే పెద్ద పార్టీ ఏదంటే, తనను పిలవకుండా ఆడటం. వినడానికి వింతగానే ఉంటుంది.

[తెర మీద: పీడీఎఫ్ డౌన్‌లోడ్ అవుతున్న ఫోన్.]

ముందు కొనండి. ఫ్రెండే కదా అని ఫ్రీ కాపీ అడగొద్దు. అసలు ఫ్రెండ్ కాబట్టే అడగొద్దు, తను కాదనలేదు. నిజంగా డబ్బుకు ఇబ్బందైతే ఇండీ గేమ్స్ దొరికే ఇచ్.ఐఓ లాంటి సైట్లలో చాలామంది డిజైనర్లు కమ్యూనిటీ కాపీలని కొన్ని ఉచిత కాపీలు విడిగా పెడతారు. అవి అందుకోసమే ఉన్నాయి, మొహమాటపడకుండా తీసుకోండి.

ఆడాక "సూపర్" అని వదిలేయకండి. ఏం జరిగిందో చెప్పండి. ఎక్కడ నవ్వారు, ఏ పేజీ మూడుసార్లు తిరగేశారు, ఎవరి రహస్యం ఎలా బయటపడింది. రివ్యూలో కూడా ఇదే రాయండి, కొత్తవాళ్లకు నక్షత్రాలకంటే ఇదే పనికొస్తుంది. అచ్చుతప్పు కనిపిస్తే విడిగా మెసేజ్ పెట్టండి. పీడీఎఫ్ అయితే ఆ రాత్రే సరిచేసేయొచ్చు. ప్రింట్‌కి పంపాక కనిపించే తప్పు మాత్రం గుండెల్లో పొడుస్తుంది. ఇక "నేనైతే ఈ రూల్ ఇలా పెట్టేవాణ్ని" అనే మాట... అడిగితే తప్ప అనొద్దు. రిలీజ్ వారంలో అసలే వద్దు.

[తెర మీద: నాలుగు పేర్లున్న క్యారెక్టర్ షీట్లు.]

మా బృందం శనివారం సాయంత్రం వీడియో కాల్‌లో ఆడుతోంది. మాస్టర్ నేనే. నా రెండో పాచిక ఎక్కడో పోయింది కాబట్టి ఒకటే రెండుసార్లు వేస్తాను, లెక్కలో తేడా రాదు. డిజైనర్‌కి లింక్ పంపలేదు. "అయిదు నిమిషాలు వచ్చి చూసి వెళ్లిపోతా" అని ఇప్పటికే బతిమాలుతోంది. ససేమిరా అన్నాను. గేమ్ పేరు, లింక్ డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి. మీరూ ఓ ముగ్గుర్ని పోగేయండి.