నిన్న నల్లా ఎన్నింటికొచ్చింది?

మిత్రులందరికీ నమస్కారం. ఒక ప్రాంతం వాళ్లు తమ కోసం తామే నడుపుకునే చిన్న రేడియో, అంటే కమ్యూనిటీ రేడియో గురించి ఇవాళ మాట్లాడతాను.

హైదరాబాద్‌కు రేడియో కొత్త కాదు. నిజాం కాలంలో, 1930లలోనే ఇక్కడ దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. తెలుగు వార్తలు, ఉర్దూ కార్యక్రమం 'నైరంగ్' రెండూ వినే ఇళ్లున్న ఊరు ఇది. ఇప్పుడు ఎఫ్ఎం స్టేషన్లు చాలానే ఉన్నాయి. పాటల మీద నాకు కోపమేమీ లేదు. కానీ మన బస్తీ ముచ్చట వినాలంటే ఏ స్టేషన్ పెట్టుకోవాలి?

ముచ్చట పెట్టడం అందరికీ వచ్చు, మైకు ముందు పెట్టగానే మర్చిపోతాం. 'నగరంలో నీటి ఎద్దడిపై మీ అభిప్రాయం ఏమిటి?' అని అడిగి చూడండి. ఎదుటి మనిషి గొంతు సవరించుకుని, పేపర్లో చదివిందే మనకు అప్పజెబుతారు. అదే 'నిన్న మీకు నల్లా ఎన్నింటికొచ్చింది?' అని అడగండి. ఎన్నింటికి లేచారు, ఎన్ని బిందెలు నిండాయి, పై వాటా వాళ్లు మోటారు పెట్టి ఎలా లాగేశారు, ట్యాంకర్ బుక్ చేస్తే ఎప్పుడొచ్చింది, అన్నీ చెప్తారు. మధ్యలో తెలుగు, దక్కనీ ఉర్దూ కలిసిపోతాయి. దాన్ని 'శుద్ధి' చేయకండి. చేస్తే ఆ మనిషి పోయి, అనౌన్సర్ మిగులుతాడు.

ఆ రికార్డింగ్‌ను నీళ్ల అధికారికి వినిపించి, ఆయన జవాబును అదే కార్యక్రమంలో పెట్టండి. చాలా కార్యక్రమాలు ముందు అధికారితో అరగంట ఉపన్యాసం ఇప్పించి, చివర ఇద్దరు శ్రోతలకు ఫోన్ కలుపుతాయి. నేను అడిగేది దానికి తలకిందులు.

ఇది జరగని పని కాదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియోను దళిత మహిళా రైతులు నడిపి చూపించారు. విత్తనాలు, జొన్న రొట్టె, పండుగ పాట, అన్నీ వాళ్ల మాటల్లోనే. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 'బోల్ హైదరాబాద్' రేడియో వచ్చింది. తమాషా ఏమిటంటే రెండింటిదీ 90.4 మెగాహెర్ట్జే. అయినా ఒకదానికొకటి అడ్డు రావు. ఈ స్టేషన్ల శక్తి 100 వాట్లు, పది పదిహేను కిలోమీటర్లు దాటితే వినపడవు. ఆ చిన్నతనమే వాటి బలం అంటాను. నాలుగు బస్తీల వాళ్లకు తప్ప ఎవరికీ పట్టని సంగతిని అరగంట మాట్లాడే తీరిక వాటికే ఉంటుంది.

అసలు చిక్కు నిబంధనల్లో ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపులు తెరిచారు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలన్నారు. బాగుంది. కానీ సొంతంగా వార్తలు, రాజకీయ వర్తమాన చర్చలు వద్దన్నారు. అయ్యా, ఈ ఊళ్లో వాననీళ్లు, మురుగు పోయే నాలా రాజకీయం కాకపోతే ఇంకేది రాజకీయం?

మూసీనే తీసుకోండి. 1908 సెప్టెంబరు వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 2020 అక్టోబరు వానలకు కాలనీలకు కాలనీలే మునిగాయి. 2024లో మూసీ ప్రక్షాళన కోసం తొలగించాలని నది ఒడ్డు ఇళ్ల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. గుర్తు పడిన ఇంటి ఆమెకు నది బాగుపడాలనే ఉంటుంది, ఇల్లూ కావాలని ఉంటుంది. టీవీ చర్చలో ఆమెను ఏదో ఒక పక్షాన కూర్చోబెడతారు. రేడియోలో ఆమె రెండూ చెప్పుకోవచ్చు, తొందరేమీ లేదు. దీన్ని 'వర్తమాన చర్చ' అని ఆపేస్తే, సగం కార్యక్రమాలు స్థానికులతో చేయమన్న మాటకు అర్థమేముంది? ఆ నిబంధన మారాలని మనం గట్టిగా అడగాలి.

మారేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. పార్టీల పేరెత్తకుండా నల్లా గురించి, నాలా గురించి, బోనాల ఊరేగింపు దారి గురించి మాట్లాడొచ్చు. వానాకాలం రాకముందే మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు రికార్డర్లు పట్టుకుని వెళ్దాం. రాగలిగినవాళ్లు పేర్లు ఇచ్చి వెళ్లండి.