తప్పెవరిదని అడగని విడాకులు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం న్యాయ సలహాల ఫోన్-ఇన్‌లో విషయం విడాకులు. అందులోనూ ఈ మధ్య పెళ్లి చూపుల్లో కూడా వినిపిస్తున్న మాట, 'నో ఫాల్ట్' విడాకులు. చాలా ఏళ్లుగా కుటుంబ కేసులు చూస్తున్న న్యాయవాది గారు స్టూడియోలో ఉన్నారు. మేడం, శ్రోతలు అప్పుడే లైనులో ఉన్నారు. ఒక్క ముక్కలో చెప్పండి.

న్యాయవాది: ఒక్క ముక్కలో చెబితే సగం అబద్ధమవుతుందండీ. మామూలు విడాకులకు ఎదుటివారి తప్పు నిరూపించాలి: హింస పెట్టాడనో, వదిలేసి వెళ్లిందనో. నో ఫాల్ట్‌లో ఆ నిరూపణ అక్కర్లేదు, ఈ కాపురం ఇక నిలవదంటే చాలు. ఆ మాట ఒకరంటే సరిపోతుందా, ఇద్దరూ అనాలా అన్న దగ్గరే దేశానికో దారి. మిగతాది ఫోన్లలో వస్తుంది, కలపండి.

వ్యాఖ్యాత: అమలాపురం దగ్గర నుంచి ఒక పెద్దాయన. చెప్పండి బాబాయిగారూ.

శ్రోత: నమస్కారమండీ. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో ఉంటారు. పెళ్లి ఇక్కడే చేశాం. ఇప్పుడు అల్లుడు అక్కడి కోర్టులో విడాకులకు వేశాడు. కాగితం ఫోనులో పంపితే పక్కింటి కుర్రాడితో చదివించుకున్నాను. మా అమ్మాయి మీద ఒక్క ఆరోపణ లేదండీ! ఆరోపణే లేకపోతే సమాధానం ఏమని రాయాలి? మా పిల్ల తప్పు లేదని నేను ఊళ్లో ఎలా చెప్పుకోవాలి?

న్యాయవాది: మీ బాధ అర్థమైంది. ఆ కోర్టు మాత్రం మీ అమ్మాయి తప్పు ఉందనీ అనదు, లేదనీ అనదు. అసలు ఆ ప్రశ్నే వేయదు. 2020లో చేసిన చట్టం అక్కడ 2022 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వాళ్లకూ మనలాగే తప్పులు ఏరుకునే పద్ధతి ఉండేది. తప్పు చూపలేకపోతే, రెండోవారు ఒప్పుకోకపోతే, అయిదేళ్లు వేరుగా ఉండాల్సిందే. 2018లో ఒక భార్య వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లి, భర్త తప్పు చాలినంత లేదనిపించుకుని విడాకులు లేకుండానే తిరిగి వచ్చింది. ఆ తీర్పు మీద జరిగిన చర్చ కొత్త చట్టానికి ఊపునిచ్చింది.

శ్రోత: అయితే మేము అభ్యంతరం చెప్పలేమా?

న్యాయవాది: విడాకులు వద్దనే అభ్యంతరం నిలవదు. ఆ కోర్టుకు అధికారం లేదనో, పెళ్లే చెల్లదనో, ఇదివరకే రద్దయిందనో అంటే వింటారు, అంతే. అబ్బాయి ఒక్కడే వేసినా, కాపురం కోలుకోలేనంతగా చెడిందని అతను రాసిన వాక్యమే రుజువు. కాగితం అందిన పద్నాలుగు రోజుల్లోగా ముట్టిందని తిరుగు సమాధానం ఇవ్వాలి. ఎప్పుడు అందింది?

శ్రోత: తేదీ చూడలేదండీ.

న్యాయవాది: ముందు అది కనుక్కోండి. దరఖాస్తు నమోదైన ఇరవై వారాల తర్వాత మొదటి ఉత్తర్వు అడగవచ్చు. అది వచ్చిన ఆరు వారాలకు చివరి ఉత్తర్వు. ఇదంతా పెళ్లి ముడి సంగతే. ఇల్లు, పెన్షను, పొదుపు సొమ్ము వేరే దరఖాస్తు. అది తేలకుండా చివరి ఉత్తర్వు వస్తే చిక్కులు. ఆమె ఆ దరఖాస్తు పెట్టకుండానే మళ్లీ పెళ్లి చేసుకుంటే అడిగే హక్కే పోవచ్చు. ఊళ్లో మాట సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఇది.

శ్రోత: ఆ తీర్పు మన దగ్గర చెల్లుతుందా?

న్యాయవాది: మంచి ప్రశ్న అడిగారు. తిరుపతిలో పెళ్లాడిన ఒక జంట విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్నాడు. కాపురం విరిగిపోయిందన్నదే కారణం. మన హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు కాబట్టి ఆ తీర్పు ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే రెండోవారు తమంతట తాము ఆ కోర్టుకు లోబడి, విడాకులకు ఒప్పుకుంటే చెల్లుతుందని కూడా అదే తీర్పులో ఉంది. అందుకే మీ అమ్మాయి అక్కడ ఏం రాస్తుందన్నది ఇక్కడ కూడా లెక్కకు వస్తుంది. బాబాయిగారూ, ఒక్క మాట. సమాధానం ఆమె రాయాలి. మీరు చెప్పి రాయించవద్దు.

శ్రోత: సరేనమ్మా. తేదీ కనుక్కుని మళ్లీ చేస్తాను.

వ్యాఖ్యాత: పాలకొల్లు వైపు నుంచి ఒక సోదరి.

శ్రోత: నమస్తే అండీ. చించినాడ వంతెనకు అటు రాజోలు దగ్గర మా అత్తవారు, ఇటు మా పుట్టిల్లు. నేను ఇక్కడికి వచ్చి పది నెలలైంది. ఇద్దరికీ ఇష్టం లేదు, గొడవలు కూడా లేవు. పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించారు. నేను ఇంకా సంతకం పెట్టలేదు. పెడితే విడాకులు అయిపోయినట్టేనా?

న్యాయవాది: కాదమ్మా. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడిపోవడాన్ని చట్టం గుర్తిస్తుంది. కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో నిరూపించాలి, అది తేలిక కాదు. ఆ కాగితాన్ని నమ్మి మీలో ఎవరు రెండో పెళ్లి చేసుకున్నా నేరమవుతుంది. పెద్దల మాటను నేను తీసిపారేయను. లెక్కలు తేల్చడానికి వాళ్లు పనికొస్తారు, ముడి విప్పే అధికారం మాత్రం వాళ్లకు లేదు.

శ్రోత: మరి ఏం చేయాలండీ?

న్యాయవాది: 1976లో హిందూ వివాహ చట్టంలో 13-బి చేర్చారు, పరస్పర అంగీకార విడాకులు. మన దగ్గర తప్పు చూపకుండా విడిపోయే దారి అదే. ఏడాది వేరుగా ఉండి ఉండాలి, అంటే మీకు ఇంకో రెండు నెలలు. ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు, కోర్టు వాడుకలో హెచ్‌ఎంఓపీ, అంటే హిందూ వివాహ పిటిషన్. పెళ్లి జరిగిన చోట, చివరిగా కాపురమున్న చోట, ఎక్కడైనా వేయవచ్చు. ఆరు నెలలు ఆగాక, పద్దెనిమిది నెలలు దాటకుండా, ఇద్దరూ వెళ్లి మా మాట మారలేదని చెప్పాలి. ఈలోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. తీర్పు వచ్చే దాకా అంగీకారం నిలిచి ఉండాలి.

శ్రోత: ఆ ఆరు నెలలు తప్పదా?

న్యాయవాది: మాఫీ చేసే వీలుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పిటిషన్‌కు ముందే ఏడాదిన్నర వేరుగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, సొమ్ము, పిల్లల సంగతులు తేలిపోయి ఉండాలి. మీకు ఏం తేలాయి?

శ్రోత: పసుపు కుంకుమ కింద నాన్నగారు అరెకరం కొబ్బరి తోట రాశారు. నా బంగారం తాకట్టు పెట్టి ఆయన చేపల చెరువు లీజుకు తీసుకున్నారు. బాబుకు నాలుగేళ్లు.

న్యాయవాది: ఆ కాగితంలో బంగారం గురించి ఏముంది?

శ్రోత: "ఒకరికొకరు ఏమీ బాకీ లేరు" అని ఉందండీ.

న్యాయవాది: అందుకే సంతకం పెట్టకండి! తప్పు లెక్క వద్దనుకున్నారు, బాగుంది. బంగారం లెక్క ఎందుకు వదులుకోవాలి? తోట మీది, అది ఎటూ పోదు. బంగారం ఎన్ని గ్రాములు, ఏ తేదీకి విడిపించి ఇస్తారు అన్నది పిటిషన్‌తో పెట్టే ఒప్పందంలో రాయించండి. బాబు పోషణ ఖర్చు వాడి హక్కు, దాన్ని మీరు కూడా వదిలేస్తున్నానని రాసివ్వలేరు. వకీలు ఫీజుకు వెనకాడవద్దు. ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: నరసాపురం నుంచి ఒక మెసేజ్. క్రైస్తవులం, మాకూ ఇదేనా అంటున్నారు.

న్యాయవాది: వాళ్లది 1869 నాటి చట్టం. పరస్పర అంగీకారం అందులో 2001లో గాని చేరలేదు. వేరుగా ఉండాల్సింది రెండేళ్లని అందులో రాసి ఉంది. మిగతా నడక ఇంచుమించు ఇదే.

వ్యాఖ్యాత: భీమవరం నుంచి ఇంకొకరు.

శ్రోత: మేడం, మేము వేరుపడి ఆరేళ్లు. ఆమె సంతకం పెట్టదు. ఇప్పుడు ఆరేళ్లు వేరుగా ఉంటే చాలని సుప్రీంకోర్టు చెప్పిందట కదా?

న్యాయవాది: అలా చెప్పలేదండీ. 2023 మేలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది ఏమిటంటే, పూర్తిగా చచ్చిపోయిన కాపురాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణ తనకిచ్చిన ప్రత్యేక అధికారంతో రద్దు చేయవచ్చు, ఒకరు ఒప్పుకోకపోయినా సరే. అది ఆ కోర్టు విచక్షణ, మీ హక్కు కాదు. మీరు నేరుగా అక్కడికి వెళ్లి అడగడానికీ లేదు. భీమవరం కోర్టుకు ఆ అధికారం లేదు. అలాంటి కారణాన్ని చట్టంలోనే పెట్టాలని చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ 1978లోనే చెప్పింది. 2013లో బిల్లు రాజ్యసభ దాటింది, లోక్‌సభలో ఆగిపోయింది.

శ్రోత: రెండేళ్లు వదిలేస్తే విడాకులు ఇస్తారంటారు కదా?

న్యాయవాది: ఇస్తారు, వదిలివేయబడినవారికి. ఇంట్లోంచి ఎవరు వెళ్లారు?

శ్రోత: ... నేనే.

న్యాయవాది: మరి ఆ కారణం ఆమెది, మీది కాదు. ఆమె సంతకం ఎందుకు పెట్టడం లేదో ఎప్పుడైనా అడిగారా?

శ్రోత: పాప చదువుకు డబ్బు అడుగుతోంది.

న్యాయవాది: ఆరేళ్లుగా ఎంత పంపారు?

శ్రోత: (కాసేపు మౌనం) లైను సరిగా లేదండీ.

వ్యాఖ్యాత: లైను బాగానే ఉంది బాబూ.

న్యాయవాది: పోనీ, మధ్యవర్తిత్వ కేంద్రంలో కూర్చోండి. ముందు ఆ బకాయి తీసుకుని వెళ్లండి. సంతకం సంగతి ఆ తర్వాత అడగండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. అమలాపురం బాబాయిగారు మళ్లీ లైనులోకి వచ్చారు. తేదీ దొరికిందా?

శ్రోత: దొరికిందండీ. కాగితం అంది పన్నెండు రోజులైందట. కంగారుపడి, వెంటనే సమాధానం పంపమ్మా అన్నాను. "వారం కిందటే పంపేశాను నాన్నా" అంది.

వ్యాఖ్యాత: ఏమని పంపిందట?

శ్రోత: అడగలేదండీ. మేడం గారు కలగజేసుకోవద్దన్నారుగా.

న్యాయవాది: మంచి పని చేశారు. ఇల్లు, పెన్షను దరఖాస్తు పెట్టిందా అని మాత్రం అడగండి.

శ్రోత: రాత్రికి మళ్లీ ఫోన్ చేసి అడుగుతానమ్మా.