ట్యాంకు కింద పాకిన లెఫ్టినెంటు

పిల్లలూ, ఎన్‌సీసీ క్యాడెట్లకు యుద్ధవీరుడి కథ చెప్పమన్నారు. వీరుడనగానే తుపాకీతో ముందుకు దూకేవాడే కళ్ల ముందు మెదులుతాడు. నేను చెప్పే ఆయన పని మాత్రం రోడ్డు బాగుచెయ్యడం.

పేరు రామ రాఘోబా రాణె. ఊరు కార్వార్ దగ్గర చెండియా. 1940లో సిపాయిగా చేరి, బర్మా యుద్ధం చూసి, 1947 డిసెంబరులో సైన్యానికి దారులు, వంతెనలు వేసే బాంబే ఇంజినీర్స్‌లో ఆఫీసరయ్యారు. భుజం మీద చుక్క కొత్తదే, చేతిలో పనితనం మాత్రం ఏడేళ్లది.

1948 ఏప్రిల్. కశ్మీర్ కోసం పాకిస్తాన్‌తో యుద్ధం. జమ్మూ ప్రాంతంలోని రాజౌరీ పట్టణం శత్రువు చేతిలో ఉంది. నౌషేరా నుంచి అక్కడికి మెలికలు తిరిగే కొండదారి. శత్రువు పైన్ చెట్లు నరికి అడ్డం పడేశాడు, కల్వర్టు పేల్చాడు, మందుపాతరలు పాతాడు. ఆపైన మెషిన్‌గన్లు.

8వ తేదీ ఉదయం 11 గంటలకు పని మొదలుపెట్టబోతుండగానే మోర్టార్ గుండ్లు పడ్డాయి. ఇద్దరు చనిపోయారు, ఐదుగురికి గాయాలు. ఆ ఐదుగురిలో రాణె ఒకరు. మిగిలినవాళ్లను కూడగట్టుకుని మళ్లీ పనిలోకి దిగారు.

ట్యాంకులకు దారి చెయ్యాలి, పైనుంచి కాల్పులు ఆగవు. రాణె ట్యాంకు కిందికే దూరి, దాంతోపాటు పాకారు. లోపలున్న డ్రైవరుకి కేకలు వినపడవు కదా! అందుకే తాడు. ఆగాలన్నా కదలాలన్నా ఆ తాడు లాగుడే సైగ. నెత్తిన టన్నుల ఇనుము, అటూ ఇటూ తిరిగే చైన్లు, ముందు మందుపాతరలు. నాకైతే తలుచుకుంటేనే టెన్షన్.

ఆయనకు పతకంతో ఇచ్చిన ప్రశంసాపత్రం చదివితే కూలీల హాజరు పుస్తకంలా ఉంటుంది, అంతా గంటల లెక్కే. 8న రాత్రి 10 దాకా పని. 9న పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 3 దాకా పక్కదారి వేశారు. అర మైలు పోగానే చెట్లు, పేల్చారు. ఇంకో 300 గజాలకు మళ్లీ చెట్లు. సాయంత్రం 6:15కి ఐదు పెద్ద పైన్ చెట్లు, చుట్టూ మందుపాతరలు. చీకటి పడుతోందని కమాండరే దళాన్ని ఆపారు. ఈయన ఆగేవారు కారనుకుంటాను. 10న తెల్లవారుజామున 4:45కే మళ్లీ అక్కడున్నారు, 6:30కల్లా అడ్డు తీసేశారు. మధ్యాహ్నం 2కి ట్యాంకులు రాజౌరీ దారిలోని చింగస్ చేరాయి. అయినా వెనక వచ్చే బండ్ల కోసం తిండీ విశ్రాంతీ లేకుండా రాత్రి 9 దాకా దారి చేస్తూనే ఉన్నారు. 11న మళ్లీ 6కే మొదలు.

12న మన సేన రాజౌరీలో అడుగుపెట్టింది.

యుద్ధంలో సాహసానికి దేశమిచ్చే అత్యున్నత పతకం పరమవీర చక్ర. దాన్ని బతికుండగా అందుకున్న మొదటి మనిషి ఆయనే. 1994లో, 76 ఏళ్ల వయసులో పుణెలో కన్నుమూశారు.