సెక్షన్ ఏం పెట్టాలి సార్?

అందరికీ నమస్కారం.

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్నీ నమ్మకూడదని మనకో సామెత ఉంది. మొదటి సగాన్ని ద్వారకానగర్‌లోని ఈ పౌర గ్రంథాలయంలోనే ఎన్నోసార్లు తిట్టిపోశాం. తిట్టాల్సిందే. రెండో సగం జోలికి మాత్రం ఎవరం పోలేదు.

నేను ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. నిరుడు గాజువాక వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. 22 ఏళ్లు. అతన్ని అడిగే చెబుతున్నాను, కొన్ని వివరాలు మార్చాను. రూములో కలిసి ఉండే ఇద్దరు సీనియర్లు ఒక రాత్రి తలుపు గడియ పెట్టి అతన్ని చెరిచారు. అతను ముందు స్నేహితుడికి చెప్పుకున్నాడు. వాడు నవ్వి, "మగాడివి కదరా, రెండు తన్నలేకపోయావా?" అన్నాడట. ఆ రాత్రి సంగతి నా దగ్గర పొడిపొడిగా చెప్పేశాడు గానీ, ఆ నవ్వు దగ్గరికొచ్చేసరికి గొంతు పెగల్లేదు.

స్టేషన్‌కి వెళ్లాం. ఎస్సై మంచివాడే. టీ తెప్పించి అంతా విన్నాడు. చివర్లో పెన్ను పక్కన పెట్టి, "సెక్షన్ ఏం పెట్టాలి సార్?" అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. పాత శిక్షాస్మృతిలో 375 ప్రకారం అత్యాచారమంటే మగవాడు స్త్రీ మీద చేసేదే. మగవాడి మీద జరిగితే, ప్రకృతి విరుద్ధమైన సంభోగం నేరమన్న 377 ఉండేది. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు. ఇష్టం లేకుండా చేస్తే నేరమేనని కూడా అందులోనే ఉంది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. 375 పోయి అదే అర్థంతో 63 వచ్చింది. 377 పోయి ఏమీ రాలేదు. చివరికి గాయపరచడం, అక్రమ నిర్బంధం పెట్టించాం. గడియ పెట్టడం నేరమైంది. గడియ వెనక జరిగింది కాలేదు.

పిల్లల విషయంలో అలా కాదు. 2012 నాటి పోక్సో చట్టానికి ఆడా మగా తేడా లేదు. 18 నిండే దాకా వాడు బాధితుడు, తెల్లారితే మగాడు! కేంద్ర ప్రభుత్వం 2007లో బయటపెట్టిన సర్వే మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో జరిగింది. లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామన్న పిల్లల్లో దాదాపు 53 శాతం మగపిల్లలే. మనమేమో వాణ్ని ట్యూషన్‌కీ హాస్టల్‌కీ ఏ టెన్షనూ లేకుండా పంపేస్తాం.

చేసింది వయసులో పెద్దదైన ఆడమనిషి అయితే "అదృష్టవంతుడివిరా" అంటారు. భయంలోనూ శరీరం తనంతట తాను స్పందిస్తుంది. చక్కిలిగింత పెడితే నవ్వొస్తుంది. ఇష్టమై నవ్వినట్టా?

ఇలా మాట్లాడితే చాలు, ఒకరిద్దరు నా పక్కన చేరి "చూశారా, ఆడవాళ్ల కేసులన్నీ దొంగ కేసులే" అంటారు. వాళ్లకో దణ్ణం. పనిచేసేచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 విశాఖ మార్గదర్శకాలు మన ఊరివని చాలామంది అనుకుంటారు గానీ, ఆ కేసు రాజస్థాన్‌ది, విశాఖ ఒక మహిళా సంస్థ పేరు. ఆడవాళ్లు కొట్లాడి తెచ్చుకున్నదాంట్లో ఒక్క అక్షరం తగ్గించమని నేను అడగను. బాధితులు ఎవరైనా కావచ్చు, నిందితుడు మాత్రం పురుషుడేనన్నది నిర్భయ ఘటన తర్వాత చట్టాల్లో మార్పుల కోసం వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో చెప్పిన మాట. నాకది సబబుగానే తోస్తుంది. అయితే ఇందాక చెప్పిన ఆడమనిషి అందులో ఇమడదు. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు.

ఆ అబ్బాయి కేసు నడుస్తోంది. వాయిదాలకి వాళ్లమ్మ కూడా వస్తుంది. మొన్న కోర్టు బయట టీ కొట్టు దగ్గర నన్ను పక్కకి పిలిచి, "బాబూ, కొట్టారు... అంతేనా?" అని అడిగింది. వాడు కాస్త దూరంలో నిలబడి మా వైపే చూస్తున్నాడు.