ఉప్పునీటిలో వెండి, వరి మడిలో జింకు

అందరికీ నమస్కారం. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల రైతులూ, పెన్నా కాలువల కింద వరి వేసేవాళ్లూ ఈరోజు ఒకేచోట కూర్చున్నారు. గుంట మందుల్లో, ఎరువుల్లో వచ్చే నానో లోహాల గురించిన నా మాటకు ఇంతకంటే తగిన సభ దొరకదు. ఎందుకంటే ఒకే నానో కణం మీ గుంటలో ఒకలా, వాళ్ల మడిలో ఇంకోలా ప్రవర్తిస్తుంది.

నానో అంటే సైజు, అంతే. మిల్లీమీటరులో పదిలక్షో వంతు ఒక నానోమీటరు. ఫ్యాక్టరీలో 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండేలా తయారుచేసిన కణాల గురించే ఇప్పుడు చెబుతున్నాను. ఒక మిల్లీమీటరు వెండి ఘనాన్ని 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే బరువు మారదు. నీటికి తగిలే ఉపరితలం మాత్రం 6 చదరపు మిల్లీమీటర్ల నుంచి 6 లక్షలకు పెరుగుతుంది. వెండి అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న పరమాణువులుగా, కరిగేది అక్కడి నుంచే. బ్యాక్టీరియాను చంపేదీ, చేప మొప్పలు నీటిలోని సోడియంను లాక్కోకుండా అడ్డుపడేదీ ప్రధానంగా ఆ అయాన్లే. రొయ్యలకు జబ్బు చేసే 'విబ్రియో బ్యాక్టీరియా పోతుంది' అని నానో వెండి మందు అమ్మేవాళ్లు చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ మీరు డబ్బు పోసి వేసిన ప్రోబయోటిక్ కూడా మేలు చేసే బ్యాక్టీరియానే కదా!

ఇలాంటి కణాలు నీటి జీవులకు ఎంత విషమో తేల్చే పరీక్షలు చాలావరకు డాఫ్నియా మీద చేస్తారు. మంచినీటి చెరువుల్లో గెంతుతూ తిరిగే ఆవగింజంత జీవి అది. పుట్టి 24 గంటలు దాటని పిల్లల్ని ఆ కణాలు కలిపిన నీళ్లలో 48 గంటలు ఉంచి, ఎన్ని కదలడం మానేశాయో లెక్కపెడతారు. నానో వెండి అయితే లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్నా పడిపోతాయి. నానో టైటానియం డయాక్సైడ్ తీరు వేరు. చీకట్లో పెద్దగా హాని చేయదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే విషం పెరుగుతుంది. మన ఎండల సంగతి మీకు నేను చెప్పాలా!

ఆ లెక్కను తెచ్చి మీ గుంటకు అంటగట్టలేం. ఉప్పునీటిలో ఉప్పు తాలూకు క్లోరైడ్ వెండి అయాన్లను పట్టేస్తుంది, కణాలు గుంపుకట్టి కిందికి దిగుతాయి. పైనుంచి తీసిన నీళ్లు టెస్టుకిస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మరి వనామీ రొయ్య మేత ఏరుకునేది ఎక్కడ? అడుగునే. మేత తిన్నాయో లేదో చూడటానికి మీరు చెక్ ట్రే దించేదీ అక్కడికే.

అడుగున నల్ల బురద ఉందనుకోండి, అందులోని సల్ఫైడ్ అనే గంధకపు పదార్థం వెండిని దాదాపు కరగని రూపంలోకి మార్చేస్తుంది. మనం ఎప్పుడూ తిట్టుకునే బురద ఈ ఒక్క విషయంలో మనకు మేలే చేస్తుంది. నానో జింక్ ఆక్సైడ్‌తో మాత్రం అంత ధీమా పనికిరాదు. అది తొందరగా కరిగి, బురదలో జింక్ సల్ఫైడ్‌గా కూర్చుంటుంది. పట్టుబడి అయ్యాక గుంటను నెర్రెలు విచ్చేదాకా ఎండబెడతాం కదా, గాలి తగిలి ఆ జింకు మళ్లీ విడుదల కావచ్చు. కోతకు ముందు నీళ్లు తీసేసిన వరి మడిలోనూ ఇదే జరుగుతుంది.

వరికి జింకు కావాలి, లోపం ఉంటే ఆకుల మీద తుప్పు మచ్చలొస్తాయి. మోతాదు మించితే మొదట దెబ్బతినేది వేరు, పొడవు పెరగడం ఆగిపోతుంది. అందుకే మట్టి పరీక్ష చేయించకుండా నానో జింకు జోలికి వెళ్లొద్దంటాను. నానో యూరియాను ఇందులో కలపకండి, అది లోహం కాదు.

గుంటలో వేసే మందు సీసాలు తెచ్చినవాళ్లు ఈ టేబుల్ మీద పెట్టండి. ఏ లోహం, లీటరుకు ఎంత, ఉప్పునీటిలో పరీక్షించారా అన్నవి లేబుళ్ల మీద ఉన్నాయో లేదో కలిసి చూద్దాం.