ఇంటి తెలుగు, మైకు తెలుగు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ మెట్రోలో "తదుపరి స్టేషన్ అమీర్‌పేట" అని వినిపిస్తుంటే, పక్క సీటాయన ఫోన్లో "అమీర్‌పేట వస్తున్నది, పావుగంటల ఇంట్ల ఉంట, జర ఆగు" అంటుంటాడు. రెండూ తెలుగే. అదే ఆయన భార్యతో "తదుపరి స్టేషన్‌లో దిగుతాను" అని చూడమనండి, ఒంట్లో బాగానే ఉందా అని అడుగుతుంది.

ఒకే భాషకు రెండు రూపాలుండి, పైరూపం ఎవరికీ ఇంటిభాష కాకుండా బడిలోనే పట్టుబడే పరిస్థితికి భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో డైగ్లోసియా అన్న పేరుతో లక్షణాలు చెప్పాడు. అరబ్బీ దేశాల్లో వార్తలు ఒక అరబ్బీలో, వంటింటి కబుర్లు ఇంకో అరబ్బీలో సాగుతాయి. మన గ్రాంథికం కూడా అలాంటిదే. గిడుగు రామమూర్తి దానితో తలపడి, 1919లో 'తెలుగు' అని పత్రికే పెట్టారు. నేనివాళ "ప్రసంగించుచున్నాను" అనకుండా బతికిపోయానంటే ఆయన చలవే.

కానీ గెలిచిన వాడుకభాష అందరి వాడుకా కాదు. కోస్తా జిల్లాల్లో చదువుకున్నవాళ్ల మాట పత్రికలకూ పాఠాలకూ ఎక్కి, తానే పైరూపమై కూర్చుంది. తెలంగాణ మాట సినిమాల్లో చాలాకాలం రౌడీకో, నవ్వించేవాడికో దక్కింది. కాళోజీ నిలదీసింది దీన్నే. ఆగస్టు 29న గిడుగు జయంతి తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి తెలంగాణ భాషా దినోత్సవం. కొందరు ఈ రెంటినీ పోటీ పెడతారు గానీ, నన్నడిగితే మొదటాయన మిగిల్చిన పనే రెండో ఆయన అందుకున్నారు.

అందరికీ ఒకేలా తెలియాల్సిన చోట, కోర్టు తీర్పులోనో మందుసీసా మీదనో, పైరూపం ఉండాల్సిందే. నా పేచీ "వస్తున్న సార్" అన్న పిల్లాణ్ని చూసి క్లాసు నవ్వడం మీద. వాడు మర్నాటి నుంచి జవాబు తెలిసినా చెయ్యెత్తడు.

ఫోన్‌ఇన్ కార్యక్రమాలు ఓసారి చెవిపెట్టి వినండి. "టీవీ బంద్ జెయ్యిరా" అని ఇంట్లోవాళ్లను కసిరిన గొంతే, లైను కలవగానే "నేను మల్కాజిగిరి నుండి మాట్లాడుతున్నానండి" అని సర్దుకుంటుంది. పాట అడిగేసరికి మళ్లీ జారుతుంది: "మా అమ్మకు గా పాత పాటంటే పానం, ఎయ్యుండ్రి మేడం." అనౌన్సరమ్మ కూడా "ఏస్తం, తప్పకుండ ఏస్తం" అందంటే, ఇక ఆయన అమ్మ సంగతులన్నీ చెప్పాకే ఫోన్ పెడతాడు.