కరెంటు పెట్టించుకున్నాక

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు విషయం ఇంటిల్లిపాదీ కూర్చుని వినడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కావాలంటే సౌండ్ తగ్గించుకోండి. రేడియో మాత్రం కట్టేయొద్దు.

ప్రోస్టేట్ అనేది మగవాళ్లకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. దానికి క్యాన్సర్ వస్తే చేసే వైద్యాల్లో రేడియేషన్ ఒకటి. మన పల్లెల్లో దాన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. ఈ మాట మీద నాకు కోపం. ఎందుకో చెప్తాను.

పత్తికొండ వైపు నుంచి ఒక టమాటా రైతు వచ్చేవాడు. 64 ఏళ్లు. 7 వారాలు, వారానికి 5 రోజులు, ఆపకుండా వైద్యం చేయించుకున్నాడు. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పక్కకు జరుగుతాయి, అందుకని రోజూ నీళ్లు తాగి, మూత్రం బిగబట్టుకుని మిషన్ కింద పడుకునేవాడు. ప్రోస్టేట్ జబ్బు ఎంతుందో తెలుసుకోవడానికి రక్తంలో చూసే పీఎస్ఏ బాగా తగ్గింది. అయిపోయిన ఏడాదిన్నరకు పరీక్షకు వస్తే, అంతా బాగుందన్నాను. లేచాడు. తలుపు దాకా పోయి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని ఆగిపోయాడు.

"సార్, ఇంగొక మాట."

అసలు మాట ఎప్పుడూ తలుపు దగ్గరే వస్తుంది. వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను.

"మా ఇంటామె ఏడాదిన్నరగా వరండాలో పండుకుంటాది సార్. నా ఒంట్లో కరెంటు ఉందంట." కాసేపాగి, నేల చూస్తూ అన్నాడు: "పక్కనున్నా నా చేత కూడా అయితాండ్లేదులే."

చూశారా, ఒక్క మాట ఎంత పని చేసిందో! అది కరెంటు కాదండీ. ఎక్స్‌రే లాంటి కిరణమే, కాకపోతే చాలా బలమైంది. బయటి నుంచి మిషన్‌తో ఇచ్చేది ఒంట్లో నిలవదు. నిలవదు. భార్యకు అంటదు, క్యాన్సర్ కూడా అంటదు. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. గ్రంథిలో చిన్న గింజలు పెట్టి వదిలేసే పద్ధతి వేరు, వాళ్లకు కొన్నాళ్లు జాగ్రత్తలుంటాయి.

ఇక ఆయన రెండో మాట. అంగం గట్టిపడటానికి కావలసిన నరాలు, రక్తనాళాలు ఆ గ్రంథిని ఆనుకునే పోతాయి. ఆపరేషన్ చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. రేడియేషన్‌తో అలా కాదు, నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్ల మీద మెల్లగా వస్తుంది. అందుకే చాలామంది వయసు మీద పడిందనుకుని ఊరుకుంటారు. వీర్యం కూడా తగ్గుతుంది, కొందరికి అసలు రాదు. సుఖం మాత్రం తెలుస్తుంది. మగ హార్మోన్‌ను తగ్గించే ఇంజెక్షన్లు కూడా వేస్తే కోరికే తగ్గిపోతుంది. అవి ఆపిన కొన్ని నెలలకు చాలామందికి తిరిగి వస్తుంది. ఇవన్నీ వైద్యం మొదలుపెట్టక ముందే చెప్పాలి. సంతకం పెట్టించుకునే కాగితంలో రాస్తాం, నోటితో చెప్పం. తప్పు మా డాక్టర్లదే.

అప్పుడాయన జేబులోంచి మందుల కవరు తీశాడు. బీడీకట్ట పక్కకు పెట్టి, ఒక మాత్రల షీటు చూపించాడు. సిల్డెనాఫిల్, అంగం గట్టిపడటానికి వేసుకునే మాత్ర. "మెడికల్ షాపులో తెచ్చుకున్యా. ఇంకా ఏసుకోలేదు సార్." అదే కవరులో ఇంకో షీటు ఉంది. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్.

నాకు చెమటలు పట్టాయి. ఈ రెండూ రక్తనాళాలను వదులు చేసేవే. కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. నాలుక కింద మాత్ర వాడేవాళ్లు సిల్డెనాఫిల్ ముట్టుకోకూడదు. మళ్లీ చెప్తున్నాను, ముట్టుకోకూడదు. ఒకవేళ వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే, 108 వాళ్లకు సిగ్గుపడకుండా ఏం వేసుకున్నారో చెప్పండి. మెడికల్ షాపు అబ్బాయిని అడిగే ధైర్యం ఉన్నప్పుడు మమ్మల్ని అడగడానికేం? మాత్ర పనికిరాని వాళ్లకు గాలి లాగే పంపు ఉంది, అంగానికి వేసుకునే ఇంజెక్షన్ ఉంది.

మాత్రల షీటు నా దగ్గరే ఉంచుకుని, ఈసారి భార్యను కూడా తీసుకురమ్మన్నాను. వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొత్తం విన్నది. విని, మొగుడి వైపు చూడకుండా నన్ను అడిగింది:

"అట్లయితే ఇన్నాళ్లు వరండాలో నేను దోమలతో ఉత్తపుణ్యానికి కరిపించుకుంటినా సార్?"